తీరిక, వ్యాపకం, పరీక్ష: ఆంగ్ల సంభాషణ పరీక్షలో ‘హాబీ’ ప్రశ్న - జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్ల సంభాషణ పరీక్షల్లో అభ్యర్థిని తొలుత అడిగే ప్రశ్నల్లో అభిరుచులకు సంబంధించినది ఒకటి. పరిచయం కోసం అడిగే తేలిక ప్రశ్నగా దీనిని భావిస్తారు. కాని ‘హాబీ’ అనే భావన వెనుక పని వేళను, తీరిక వేళను విడదీసిన ఒక సామాజిక చరిత్ర ఉంది. ఆ విభజన ఉమ్మడి వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఇంగ్లండులో జరిగినట్లు జరగలేదు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరున, ఒక్కో కాలంలో జరిగింది. ఈ ప్రాంతాల విద్యార్థులు కంఠస్థం చేసిన జవాబు చెప్పడానికి భాషా పరిజ్ఞానం చాలకపోవడం ఒక్కటే కారణం కాదని, తమ జీవితంలో ఏది ‘హాబీ’ కిందికి వస్తుందో తెలియకపోవడం కూడా కారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హాబీ, తీరిక, కాలక్షేపం, వెట్టిచాకిరి, మౌఖిక పరీక్ష, ఆంగ్ల బోధన, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండలి 2023-24 విద్యా సంవత్సరం నుంచి మొదటి సంవత్సరం ఆంగ్లంలో 20 మార్కులకు ప్రయోగ పరీక్షను ప్రవేశపెట్టింది. రాత పరీక్ష 80 మార్కులకు పరిమితమైంది. తరువాతి ఏడాది ఈ పద్ధతి రెండో సంవత్సరానికీ విస్తరించింది. అంతవరకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకే పరిచితమైన ‘ప్రాక్టికల్స్’ అనే మాట భాషకూ వర్తించింది. ఫలితంగా జిల్లా కేంద్రాల్లోను, మండల కేంద్రాల్లోను ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థి కూడా పరీక్షకుని ఎదుట నిలబడి తన గురించి ఆంగ్లంలో మాట్లాడవలసిన స్థితి ఏర్పడింది.

అధ్యాపకులకు ఈ సందర్భం సుపరిచితమే. ‘నీ హాబీలేమిటి’ అని అడిగితే పుస్తకపఠనం, తోటపని, తపాలా బిళ్ళల సేకరణ, క్రికెట్ అన్న వరుస తడుముకోకుండా వస్తుంది. ‘ఈ మధ్య ఏ పుస్తకం చదివావు’ అన్న రెండో ప్రశ్నకు మౌనమే సమాధానం. ఈ మౌనాన్ని ధైర్యలేమిగానో, వ్యాకరణ దోషంగానో లెక్కగట్టడం సాధారణం. ఆ మౌనానికి చారిత్రక మూలాలున్నాయన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

2. మౌఖిక పరీక్ష - పూర్వరంగం:

ఆంగ్లాన్ని పరభాషగా నేర్చుకున్నవారికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1913లో ప్రారంభించిన ప్రావీణ్య పరీక్షలో రాతపత్రాలతో పాటు ఉక్తలేఖనం, బిగ్గరగా చదవడం, సంభాషణ కూడా ఉన్నాయి. ఆ ఏడాది దానికి హాజరైనవారు ముగ్గురే, ముగ్గురూ ఉత్తీర్ణులు కాలేదు. సంభాషణను కొలవవచ్చునన్న భావన ఆంగ్ల పరీక్షల చరిత్రలో అప్పటికే ఉందని దీనివల్ల తెలుస్తుంది. నేడు విదేశీ విద్య కోసం తెలుగు విద్యార్థులు విరివిగా రాసే ఐఇఎల్‌టిఎస్ 1989లో వచ్చింది. 2001లో దాని సంభాషణ విభాగం ప్రస్తుత రూపం తీసుకుంది. 11 నుంచి 14 నిమిషాలు సాగే ఆ పరీక్షలో తొలి నాలుగైదు నిమిషాలు ఇల్లు, ఊరు, చదువు, అభిరుచులు వంటి పరిచిత విషయాలకు కేటాయిస్తారు.

నిజాం రాష్ట్రంలో ఆంగ్లం స్థానం వేరు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా మాధ్యమం ఉర్దూ. ఆంగ్లం తప్పనిసరిగా చదవవలసిన ఒక భాషా విషయం మాత్రమే. తెలుగు మాట్లాడే పల్లె విద్యార్థికి ఉర్దూ ఒక మెట్టు, ఆంగ్లం దానిపై మరో మెట్టు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఉన్నత విద్యలో ఉర్దూ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. 1958లో హైదరాబాద్‌లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడి ఆంగ్ల ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రమైంది. అదే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. వరంగల్‌లో 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అయినా ఇంటర్మీడియట్ స్థాయిలో ఆంగ్లం చాలాకాలం రాతకే పరిమితమైంది. వ్యాసాలు, సారాంశాలు కంఠస్థం చేసి రాయడమే ఆ చదువు. ఉమ్మడి రాష్ట్రంలో 2008-09లో సక్సెస్ పాఠశాలల పేరిట ఆరో తరగతి నుంచి, తెలంగాణలో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. మాధ్యమం మారినంత వేగంగా అభ్యాస పద్ధతి మారలేదు. రాత పరీక్ష కోసం అలవడిన కంఠస్థ విద్య సంభాషణ పరీక్షలోకీ వచ్చి చేరింది.

3. ‘హాబీ’ - ఒక పదం, ఒక చరిత్ర:

మధ్యయుగపు ఆంగ్లంలో ఈ మాటకు చిన్నజాతి గుర్రమని అర్థం. జానపద నృత్యాల్లో నర్తకుడు నడుముకు తొడుక్కునే గుర్రపు బొమ్మకు, ఆపై పిల్లలు కాళ్ళ మధ్య పెట్టుకుని పరుగెత్తే కర్రగుర్రానికి ఇదే పేరు వచ్చింది. ఎంత స్వారీ చేసినా ఏ గమ్యానికీ చేర్చని గుర్రం కాబట్టి ప్రయోజనం లేని వ్యామోహమన్న అర్థం స్థిరపడింది. 1759-67 మధ్య వెలువడిన లారెన్స్ స్టెర్న్ నవల ‘ట్రిస్ట్రమ్ షాండీ’ ఆ అర్థానికి విస్తృత ప్రచారం కల్పించింది. మొదట హేళన ధ్వనించిన ఈ పదం 19వ శతాబ్దిలో గౌరవం సంపాదించుకుంది.

ఈ మార్పుకు కారణం కర్మాగారం. ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో పనిని బట్టి కాలాన్ని చూసే వ్యవసాయ సమాజం గడియారాన్ని బట్టి పనిని కొలిచే పారిశ్రామిక సమాజంగా ఎలా మారిందో వివరించాడు. అమెరికా చరిత్రకారుడు స్టీవెన్ గెల్బర్ 1999లో వెలువరించిన గ్రంథంలో హాబీని పారిశ్రామిక సమాజపు సంతానంగానే పరిగణించాడు. పని నుంచి విడివడిన వేళలో కూడా పనిలోని శ్రద్ధను, క్రమశిక్షణను నిలిపి ఉంచేదే హాబీ అన్నది ఆయన వాదనలోని సారం. కాబట్టి హాబీ ఉండాలంటే రెండు షరతులు తీరాలి. మొదటిది, పని వేళకు ఒక ముగింపు ఉండాలి. రెండవది, మిగిలిన కాలం తన స్వాధీనంలో ఉండాలి.

4. తెలుగులో దీనికి సమానార్థకాలు:

పాఠ్యపుస్తకాలు హాబీని ‘అభిరుచి’గా అనువదిస్తాయి. అభిరుచి ఒక ఇష్టాన్ని తెలుపుతుంది, చేసే పనిని కాదు. ‘వ్యాపకం’ పనిని తెలుపుతుంది కాని అది తీరిక వేళలోదే కానక్కరలేదు. ఈ విషయంలో ‘కాలక్షేపం’ అన్న పదం విశేషంగా పరిశీలించదగినది. హరికథా కాలక్షేపమన్నప్పుడు అది పుణ్యశ్రవణం. వేళాకోళపు కాలక్షేపమన్నప్పుడు పొద్దుపుచ్చడం. పాత వాడుకలో ‘కాలక్షేపం జరగడం కష్టంగా ఉంది’ అంటే బతుకు గడవడం కష్టంగా ఉందని అర్థం. జీవనోపాధి, వినోదం ఒకే పదంలో ఇమిడి ఉండటం పనికీ తీరికకూ మధ్య గట్టి గోడ లేని సమాజానికి నిదర్శనం.

తెలంగాణ వాడుకలోని మరో రెండు మాటలు కూడా గమనించదగినవి. తీరికను ‘రికాం’ అంటారు. అది ఎక్కువగా ‘రికాం లేదు’ అన్న వ్యతిరేకార్థంలోనే వినబడుతుంది. ఇక ఉర్దూలో ఇష్టాన్ని, అభిరుచిని తెలిపే ‘షౌఖ్’ తెలుగులో ‘షోకు’, ‘సోకు’ అయింది. ‘సోకులు పడటం’ అన్నప్పుడు అది అలంకారాల మీది మోజు, స్థాయికి మించిన విలాసం. పాలకుల భాషలో అభిరుచి అయినది పాలితుల భాషలో ఎగతాళిగా మారింది. కష్టజీవుల ఇళ్ళలో ‘నాకు ఫలానాది ఇష్టం, అందుకు సమయం కేటాయిస్తాను’ అని చెప్పుకోవడానికి సంకోచం ఎందుకు కలుగుతుందో ఈ అర్థపరిణామం కొంత సూచిస్తుంది.

5. జనగామ - తీరిక ఒక హక్కుగా:

1940లలో నల్గొండ జిల్లాలో భాగంగా ఉన్న జనగామ తాలూకా తెలంగాణ సాయుధ పోరాటానికి ఆయువుపట్టు. విసునూరు దేశ్‌ముఖ్ ఆధిపత్యంలో ఉన్న గ్రామాల్లో వెట్టిచాకిరి ఏ రూపంలో సాగిందో పుచ్చలపల్లి సుందరయ్య రచన ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం’ సవివరంగా నమోదు చేసింది. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, రైతు తన పొలం వదిలి దొర పొలం దున్నాలి. ఈ సేవలకు కూలి లేకపోవడం ఒక అన్యాయమైతే, కబురు వచ్చిన క్షణాన కదలవలసి రావడం మరో అన్యాయం. భూమి, శ్రమలతో పాటు మనిషి కాలం కూడా పరాధీనమైన వ్యవస్థ అది. పైన చెప్పిన రెండు షరతుల్లో ఒక్కటీ అక్కడ తీరలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య అమరత్వంతో పోరాటం కొత్త దశకు చేరింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను, భూమిని నిలబెట్టుకుంది. ఈ పోరాటాన్ని భూమి కోసం, భుక్తి కోసం, విముక్తి కోసం సాగినదిగా చరిత్ర గుర్తించింది. అది సొంత కాలం కోసం కూడా సాగిందని చేర్చుకోవచ్చు. నేడు ఆ గ్రామాల నుంచి వచ్చే విద్యార్థిని ‘ఖాళీ సమయంలో ఏం చేస్తావు’ అని అడగగలుగుతున్నామంటే, ఆ ఖాళీ సమయం మూడు నాలుగు తరాల కిందట మాత్రమే ఆ కుటుంబాలకు దక్కిందన్న ఎరుక అడిగేవారికి ఉండాలి.

పుస్తకపఠనానికీ ఇక్కడ ఇలాంటి చరిత్రే ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. తెలుగులో చదవడమే ఆత్మగౌరవ ప్రకటన అయిన కాలం అది. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ‘చదవడం నా హాబీ’ అన్న అరిగిపోయిన వాక్యాన్ని ఈ నేల మీద నిలబడి చెప్పే విద్యార్థికి చెప్పదగిన కథ చాలా ఉంది. అతనికి ఆ కథ ఎవరూ చెప్పలేదంతే.

కళల విషయంలోనూ పని, వినోదం అన్న విభజన ఇక్కడ ఇమడదు. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తన కాలపు ఆటపాటలను, పదాల రకాలను విస్తారంగా పేర్కొన్నాడు. అవన్నీ శ్రీశైల యాత్రకు వచ్చిన భక్తుల ఆరాధనలో భాగాలు. ఆ పక్కనే ఉన్న బమ్మెర పోతన హాలికుడై కవిత్వం చెప్పాడని సంప్రదాయం. ఆయనకు కవిత్వం హాబీ అనీ అనలేం, వృత్తి అనీ అనలేం. లింగాల ఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చి 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథ కథకునికి ఉపాధి, మల్లన్న, బీరప్ప కొలుపుల్లో విధి, వినేవారికి రాత్రంతా వినోదం. పెంబర్తి ఇత్తడి కళ కూడా అంతే. తండ్రి పక్కన కూర్చుని రేకుపై నగిషీ కొట్టడం నేర్చుకున్న బాలుడు దానిని ‘ఇంటి పని’ అంటాడు కాని హాబీ అనడు.

6. మహబూబాబాద్ - మూడు భాషల మధ్య ఒక ప్రశ్న:

మానుకోటగా ప్రసిద్ధమైన మహబూబాబాద్ జిల్లా జనాభాలో గిరిజనులు మూడో వంతుకు పైగా ఉన్నారు. వారిలో లంబాడీలు అధికం, కోయలు అటవీ ప్రాంతాల్లో ఉన్నారు. తెలంగాణ ప్రాంత లంబాడీలకు 1976లో షెడ్యూల్డు తెగ గుర్తింపు లభించింది. తండాలో పుట్టిన విద్యార్థికి ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు, పరీక్ష భాష ఆంగ్లం. ఆంగ్లంలో వచ్చిన ‘హాబీ’ ముందు తెలుగులో ‘అభిరుచి’గా మారి, అక్కడి నుంచి తన ఇంటి అనుభవానికి చేరాలి. ఈ ప్రయాణంలో అర్థం కొంత జారిపోతుంది.

లంబాడీ స్త్రీల కుట్టుపనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అద్దాలు, గవ్వలు, రంగుదారాలు కలిపి కుట్టే ఆ పని నగరంలోని యువతి నేర్చుకుంటే హాబీ. ప్రదర్శనశాలలో అది హస్తకళ. తండాలో అవ్వ పక్కన కూర్చుని నేర్చుకునే అమ్మాయికి అది పెళ్ళికి, పండుగకు కావలసిన బట్ట. తీజ్ పండుగలో అవివాహిత బాలికలు బుట్టల్లో గోధుమ నారు పోసి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాటలు పాడుతారు. ఇందులో తోటపని ఉంది, సంగీతం ఉంది, నృత్యం ఉంది. కాని పరీక్షలో ఆ అమ్మాయి ఎన్నడూ పెంచని గులాబీల గురించి మాట్లాడుతుంది. తనకు తెలిసినది ఆ ప్రశ్నకు జవాబు కాగలదన్న ఆలోచన ఆమెకు రాదు. మాదిరి జవాబుల పుస్తకాల్లో తీజ్ ఉండదు.

7. భూపాలపల్లి - షిఫ్టు వేళల్లో తీరిక:

2016 అక్టోబరు 11న ఆవిర్భవించిన జయశంకర్ భూపాలపల్లి జిల్లా కేంద్రం సింగరేణి కేటీకే గనుల చుట్టూ ఎదిగిన పట్టణం. హాబీకి జన్మనిచ్చిన పారిశ్రామిక కాలం ఈ మూడు ప్రాంతాల్లో స్పష్టంగా కనిపించేది ఇక్కడే. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనిని రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అన్న మాటలు ఇంటి దినచర్యను నిర్ణయిస్తాయి. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన ఇంట్లో ‘తర్వాత ఏం చేద్దాం’ అన్న ప్రశ్నకు చోటుంటుంది. కార్మిక సంఘాలు, క్రీడామైదానాలు, సాంస్కృతిక కార్యక్రమాలు గని పట్టణాల జీవితంలో భాగం కావడం ఇందువల్లనే.

అయితే గోదావరి తీరంలోని, అడవి అంచులోని గ్రామాల్లో కాలాన్ని నేటికీ వానలు, పంటలు, ఇప్పపూల సేకరణ వంటి పనులు నడిపిస్తాయి. మిరప ఏరే రోజుల్లో ఆదివారం కూడా పనిదినమే. ఒకే తరగతి గదిలో గని కార్మికుని కుమార్తె, పోడు రైతు కుమారుడు పక్కపక్కన కూర్చుంటారు. ఒకే ప్రశ్న ఇద్దరికీ ఒకే బరువుతో ఉండదు. పరీక్ష పత్రానికి ఈ తేడా కనిపించదు.

8. కంఠస్థపు జవాబు - పరీక్షలోని అసలు కొలమానం:

పై చరిత్ర నుంచి మళ్ళీ పరీక్ష గదికి వస్తే ఒక అపోహ తొలగించుకోవలసి ఉంది. గొప్ప హాబీ చెబితే ఎక్కువ మార్కులు వస్తాయన్న నమ్మకం విద్యార్థుల్లో బలంగా ఉంది. ఐఇఎల్‌టిఎస్ బహిరంగంగా ప్రకటించిన ప్రమాణాలు నాలుగు: ధారాళత-పొందిక, పదసంపద, వ్యాకరణ వైవిధ్యం-శుద్ధత, ఉచ్చారణ. హాబీ ఘనతకు అందులో స్థానం లేదు. పైగా కింది శ్రేణుల వర్ణనల్లో కంఠస్థ వాక్యాలపై ఆధారపడటం ఒక లోపంగా పేర్కొన్నారు. మేకలు కాయడం గురించి పది వాక్యాలు పొందికగా చెప్పిన విద్యార్థి, తపాలా బిళ్ళల గురించి రెండు వాక్యాలు వల్లించిన విద్యార్థి కన్నా ఆ ప్రమాణాల ప్రకారం ముందుంటాడు. హైదరాబాద్ సంస్థానం 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు వెలువరించిందన్న సంగతి కూడా చెప్పలేనివాడికి, ఇంటికి ఉత్తరమే రానివాడికి, ఆ సేకరణ గురించి మూడో వాక్యం ఎక్కడి నుంచి వస్తుంది?

భాష అనుభవాన్ని అనుసరించి వస్తుంది. ఒగ్గుడోలు వాయించేవారి వెంట తిరిగిన పిల్లవాడికి ఏ దరువు ఎప్పుడు మారుతుందో తెలుసు. దాన్ని ఆంగ్లంలో చెప్పబోయినప్పుడు ‘ముందు’, ‘తర్వాత’, ‘ఎందుకంటే’ అన్న సంధాయక పదాలు అతనికి అవసరపడతాయి. ధారాళత, పొందిక పుట్టేది ఆ అవసరంలోనే. తెలియని తోట గురించి చెప్పేటప్పుడు అటువంటి అవసరం కలగదు.

దీనికి ఒక అభ్యంతరం ఉండవచ్చు. పేదరికంలో చేసిన శ్రమను హాబీ అని పిలిస్తే ఆ శ్రమను అలంకరించినట్లు కాదా? న్యాయమైన సందేహమే. పత్తి ఏరడాన్ని సరదాగా వర్ణించమని విద్యార్థిని కోరడం మరో రకమైన వంచన. అందుకే ప్రశ్ననే మార్చడం మేలు. ‘నీకు బాగా తెలిసిన పని ఏది, దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నావు’ అని అడిగితే ఇష్టాన్ని నటించవలసిన పని ఉండదు. ఇంటర్మీడియట్ ప్రయోగ పరీక్షకు సిద్ధం చేసే అధ్యాపకునికి ఈ వెసులుబాటు తరగతి గదిలో ఉంది. అంతర్జాతీయ పరీక్షల ప్రశ్నను మనం మార్చలేం. కాని ‘నాకు ప్రత్యేకంగా హాబీ అంటూ లేదు, మా ఇంట్లో సాయంత్రాలు ఇలా గడుస్తాయి’ అని మొదలుపెట్టడం కూడా సంపూర్ణమైన సమాధానమేనని విద్యార్థికి చెప్పగలం.

9. ముగింపు:

• ‘హాబీ’ పారిశ్రామిక సమాజంలో పనికీ తీరికకూ ఏర్పడిన విభజన నుంచి రూపొందిన భావన. దానిని సార్వత్రికంగా భావించి అడిగే ప్రశ్న అందరికీ సమానం కాదు.

• ‘కాలక్షేపం’, ‘రికాం’, ‘సోకు’ వంటి పదాల అర్థపరిణామం తెలంగాణ పల్లె సమాజంలో తీరిక స్థితిగతులను తెలిపే భాషాసాక్ష్యం.

• జనగామలో సొంత కాలం వెట్టి వ్యతిరేక పోరాటంతో దక్కింది. మహబూబాబాద్ తండాల్లో కళ, పండుగ, పని కలగలిసే ఉన్నాయి. భూపాలపల్లిలో గని షిఫ్టు తీరికకు కొత్త హద్దులు గీసింది.

• కంఠస్థపు జవాబు రాత పరీక్ష వారసత్వం. విద్యార్థి సొంత అనుభవాన్ని జవాబుగా అంగీకరించే బోధన దానికి విరుగుడు.

• ఈ మూడు జిల్లాల వృత్తులు, పండుగలు, పోరాటగాథలు ఆధారంగా సంభాషణాభ్యాసాలు రూపొందించడం ఆంగ్ల, తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పని.

20 మార్కుల పరీక్షలో ఒక నిమిషంలో ముగిసే ప్రశ్న ఇది. ఆ నిమిషంలో విద్యార్థి తన తాతముత్తాతల బతుకును దాచిపెట్టి అరువు తెచ్చుకున్న బతుకును అప్పగిస్తున్నాడా, లేక తనదే చెబుతున్నాడా అన్నది అతని ఆంగ్లాన్నే కాదు, మన బోధనను కూడా పరీక్షిస్తుంది.